బాగా ఆడేవాణ్ణి ఎందుకు కూర్చోబెడతారు? ఫుట్‌బాల్ టైటిల్ రేసులో రొటేషన్, గాయాల లెక్క

చలికాలంలో ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్ మనకి రాత్రి ఎనిమిదిన్నరకి మొదలవుతుంది. ఏడు దాటాక లైనప్ బయటికి రాగానే నెల్లూరు హాస్టళ్లలో, టీ బంకుల దగ్గర ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్ల మధ్య ఒకే ప్రశ్న తిరుగుతుంది: "పోయిన వారం రెండు గోల్స్ కొట్టినోణ్ణి ఈరోజు బెంచ్ మీద ఎందుకు కూర్చోబెట్టాడబ్బయ్యా?" ఆ మ్యాచ్ డ్రా అయితే తప్పంతా కోచ్‌దే. మూడు వారాలకి అదే ఆటగాడు తొడ పట్టుకుని కింద కూర్చుంటే, అప్పుడు ప్రశ్న తిరగబడుతుంది, వీడికి రెస్ట్ ఎందుకివ్వలేదని.

క్లుప్తంగా చెప్పాలంటే: టైటిల్ కోసం పోరాడే జట్టుకి గాయం వల్ల జరిగే నష్టం ఆ ఒక్క ఆటగాడితో ఆగదు. ఆ ఖాళీ నింపడానికి ఇంకో చోట నుంచి మనిషిని తీస్తే అక్కడ రెండో ఖాళీ వస్తుంది, పాయింట్లు ఎక్కువగా పోయేది ఆ రెండో ఖాళీలోనే. దాన్ని తప్పించుకోవడానికి ముందుగా వాయిదాల్లో కట్టే డబ్బు లాంటిది రొటేషన్, అంటే ఆటగాళ్లని మార్చి మార్చి ఆడించడం. అది కట్టకుండా గెలిచిన జట్లు కూడా ఉన్నాయి, వాటికి కలిసొచ్చిన పరిస్థితులు వేరు.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది కొత్త విషయమేమీ కాదు. 2025 ఇంగ్లండ్ టూర్‌లో బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడతాడని ముందే చెప్పారు, మూడే ఆడాడు. మన సిరాజ్ మాత్రం ఐదూ ఆడి 23 వికెట్లు తీశాడు. ఇండియా గెలిచిన రెండు టెస్టులూ బుమ్రా లేనివే కావడంతో 'వర్క్‌లోడ్' అనే మాట మీద ఊరంతా వాదించుకుంది. ఫుట్‌బాల్‌లో ఆ ఒత్తిడి ఒకరిద్దరు బౌలర్ల మీద కాదు, గోల్ కీపర్‌ని మినహాయిస్తే దాదాపు అందరి మీదా ఉంటుంది. ఒక్కొక్కరు మ్యాచ్‌కి సుమారు పది కిలోమీటర్లు పరుగెత్తుతారు, పైగా మూడు నాలుగు రోజులకే ఇంకో మ్యాచ్.

మొదట మ్యాచ్‌ల లెక్క

ఇంగ్లండ్‌లో ఒక పెద్ద క్లబ్ అన్ని టోర్నీల్లోనూ చివరిదాకా వెళ్తే ఎన్ని మ్యాచ్‌లు ఆడాలో చూద్దాం. లీగ్ 38. నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌తో కలిపి 6. యూరప్‌లో ఆడే జట్టుకి లీగ్ కప్ కూడా, రెండు మ్యాచ్‌ల సెమీస్‌తో కలిపి, 6. యూరప్ దేశాల పెద్ద క్లబ్బులు ఆడే చాంపియన్స్ లీగ్‌లో 2024-25 నుంచి పాత ఆరు గ్రూప్ మ్యాచ్‌ల బదులు తొలి దశలో 8 ఆడాలి, ఆ తర్వాత ఫైనల్ దాకా ఇంకో 7. మొత్తం 65. తొలి దశలో మొదటి ఎనిమిది స్థానాల్లో లేకపోతే ప్లేఆఫ్ రూపంలో ఇంకో రెండు కలుస్తాయి. దేశం తరఫున ఆడే మ్యాచ్‌లు ఈ లెక్కలో లేవు.

ఇది కాగితం మీద లెక్క అనుకోనక్కర్లేదు. 2021-22లో లివర్‌పూల్ ఆ సీజన్‌లో ఆడగలిగిన 63 మ్యాచ్‌లూ ఆడింది. రెండు దేశవాళీ కప్పులు గెలిచింది, రెండు ఫైనళ్లూ చెల్సీ మీద పెనాల్టీల్లోనే. లీగ్ ఒక్క పాయింట్ తేడాతో పోయింది (మాంచెస్టర్ సిటీకి 93, లివర్‌పూల్‌కి 92), చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఒక్క గోల్‌తో పోయింది. ఆ మరుసటి సీజన్‌లో అదే జట్టు 67 పాయింట్లతో ఐదో స్థానానికి జారింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, మిడ్‌ఫీల్డ్ వయసు పెరగడం అందులో ఒకటి. కానీ 63 మ్యాచ్‌ల అలసట లెక్కలోకి రాదని అనడం కష్టం.

కండరం ఎందుకు పట్టేస్తుంది

ఫుట్‌బాల్‌లో ఎక్కువగా వినపడే గాయం హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరాలది. ఫుల్ స్పీడ్‌లో పరుగెత్తేటప్పుడు కాలు ముందుకి విసురుతాం కదా, ఆ విసురుకి బ్రేక్ వేసేది ఈ కండరమే. సాగుతూనే బిగుసుకోవాలి, అదే దాని కష్టం. అలసిపోయిన కండరం ఆ పని సరిగా చేయలేదు, అక్కడే చీలుతుంది.

యూరప్ పెద్ద క్లబ్బుల మీద ఏళ్ల తరబడి జరిగిన యూఈఎఫ్‌ఏ (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) అధ్యయనం ప్రకారం 2001-02లో మొత్తం గాయాల్లో హ్యామ్‌స్ట్రింగ్ వాటా 12 శాతం, 2021-22కి అది 24 శాతం. ఆటలో వేగం పెరిగింది, స్ప్రింట్లు పెరిగాయి, మ్యాచ్‌ల మధ్య వ్యవధి పెరగలేదు. మ్యాచ్ తర్వాత శరీరం పూర్తిగా తేరుకోవడానికి మామూలుగా మూడు రోజులు కావాలంటారు. బుధవారం రాత్రి యూరప్‌లో ఆడి, విమానం ఎక్కి, శనివారం మధ్యాహ్నం మళ్లీ దిగే జట్టుకి ఆ మూడు రోజులు కూడా దొరకవు.

తొందరపడి తిరిగి రావడం ఇంకో సమస్య. నడవడానికి నొప్పి లేకపోవడం వేరు, ఎనభయ్యో నిమిషంలో వింగర్ (అంచు వెంబడి దూసుకెళ్లే ఆటగాడు) వెనక పరుగెత్తడం వేరు. మానింది అనుకున్న చోటే మళ్లీ చీలితే రెండోసారి ఎక్కువ రోజులు పడుతుంది.

ఒక గాయం, రెండు ఖాళీలు

ఈ విషయం అర్థం చేసుకోవడానికి లివర్‌పూల్ 2020-21 సీజన్ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అంతకుముందు ఏడాది 99 పాయింట్లతో చాంపియన్లు. 2020 అక్టోబర్ 17న ఎవర్టన్‌తో మ్యాచ్‌లో సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) వాన్ డైక్ మోకాలి లిగమెంట్ పోయింది. నవంబర్‌లో ఇంగ్లండ్ జట్టు ప్రాక్టీస్‌లో అతని జోడీ జో గోమెజ్ మోకాలు పోయింది. మూడో సెంటర్ బ్యాక్ మాటిప్ జనవరిలో చీలమండ గాయంతో సీజన్‌కే దూరమయ్యాడు.

ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు పోయారు సరే. కోచ్ క్లోప్ ఏం చేశాడంటే మిడ్‌ఫీల్డ్‌లోని ఫబీన్యోని వెనక్కి దించాడు, తర్వాత కెప్టెన్ హెండర్సన్‌ని కూడా. ఇద్దరూ అక్కడ చెడ్డగా ఆడలేదు, చాలామంది గమనించని సంగతి అది. దెబ్బ తగిలింది ముందు భాగానికి. బంతిని అందరికంటే ముందు లాక్కుని వెంటనే ముందుకి పంపేది ఆ ఇద్దరే, వాళ్లు వెనక ఉంటే ఆ పని చేసేవాళ్లు లేరు. క్రిస్మస్ నాటికి టేబుల్ పైన ఉన్న జట్టు, సొంత గ్రౌండ్‌లో 68 లీగ్ మ్యాచ్‌లు ఓడని జట్టు, జనవరిలో బర్న్‌లీ చేతిలో మొదలుపెట్టి అదే గ్రౌండ్ యాన్‌ఫీల్డ్‌లో వరసగా ఆరు ఓడింది. ఫిబ్రవరిలో సెంటర్ బ్యాక్‌గా ఆడుతుండగానే హెండర్సన్‌కి కూడా గాయమైంది. అంటే కవర్‌కి పెట్టిన మనిషి కూడా పోయాడు.

తర్వాత జరిగింది మరీ ముఖ్యం. మార్చిలో ఫబీన్యో తన చోటికి, మిడ్‌ఫీల్డ్‌కి, తిరిగి వెళ్లాడు. వెనక నాట్ ఫిలిప్స్‌తో పాటు అప్పు మీద తెచ్చుకున్న కబాక్, అతనూ గాయపడ్డాక కుర్రాడు రీస్ విలియమ్స్. ఎవరి పేరు చెప్పినా ప్రత్యర్థి భయపడేంత పెద్ద డిఫెండర్లు కాదు. అయినా చివరి పది లీగ్ మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలిచి రెండు డ్రా చేసుకున్నారు, ఒక్కటీ ఓడలేదు. అందులో ఒకటి గోల్ కీపర్ అలిసన్ చివరి క్షణాల్లో తలతో కొట్టిన గోల్‌తో గెలిచింది. 69 పాయింట్లతో మూడో స్థానంలో ముగించారు. సామాన్యమైన సెంటర్ బ్యాక్ ఆ చోట ఉండటం కంటే, గొప్ప మిడ్‌ఫీల్డర్ తన చోట లేకపోవడమే ఖరీదైందని ఆ పది మ్యాచ్‌లు చూపించాయి.

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలు చేసేవాళ్లకి ఈ లెక్క సులభంగా పట్టుబడుతుంది. రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట మొత్తం తేలుతుంది. అందుకే జనరేటర్ ఉంటుంది. నెలలో ఎక్కువ రోజులు ఊరికే పడి ఉండే వస్తువు మీద అంత డబ్బు ఎందుకని ఎవరూ అడగరు. అదే జనరేటర్ లేక, పక్క గుంట ఏరేటర్లు పీక్కొచ్చి ఇక్కడ పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఫబీన్యో విషయంలో జరిగింది అదే.

పక్క స్థానంలో ఆడించినా పని చేసిన సందర్భాలు

అలాగని వేరే స్థానం వాణ్ణి దించడం ఎప్పుడూ తప్పేం కాదు. 2017-18లో మాంచెస్టర్ సిటీ కొత్తగా కొన్న లెఫ్ట్ బ్యాక్ (ఎడమ పక్క డిఫెండర్) మెండీకి సెప్టెంబర్‌లోనే మోకాలి లిగమెంట్ తెగింది. ఆ చోట మిడ్‌ఫీల్డర్ ఫేబియన్ డెల్ఫ్‌ని ఆడించారు. సిటీ ఆ ఏడాది 100 పాయింట్లతో గెలిచింది. తేడా ఎక్కడుంది? కోచ్ గార్డియోలా జట్టులో లెఫ్ట్ బ్యాక్ లైన్ వెంబడి పరుగెత్తడం కంటే లోపలికి జరిగి మిడ్‌ఫీల్డర్‌లా పాస్‌లు అందుకోవడం ఎక్కువ. ఆ పని డెల్ఫ్‌కి తెలిసిందే. రెండోది, డెల్ఫ్ అప్పటిదాకా ఫస్ట్ ఎలెవన్‌లో లేడు, కాబట్టి అతన్ని వెనక్కి పంపితే ముందు ఎక్కడా గొయ్యి పడలేదు. ఈ రెండో కారణమే ఎక్కువ బరువైనది.

మన దగ్గరి చరిత్రలో ఇంతకంటే సాహసం ఒకటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అప్పట్లో మ్యాచ్ మధ్యలో సబ్‌ని దించే వీలు లేదు, ప్రపంచకప్‌లో కూడా సబ్‌లు వచ్చింది 1970లోనే. తల గాయంతో ఉన్న మనిషిని వెనక పెడితే ప్రమాదం, అసలు ఆడించకపోతే మంచి ఆటగాణ్ణి పోగొట్టుకోవడం. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లో గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీతో పాటు మరో గోల్, 2-1తో స్వర్ణం. ఆ ఫైనల్ జట్టులో హైదరాబాద్ నుంచి వెళ్లిన బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. జర్నైల్ లేని డిఫెన్స్‌ని మోయగల అరుణ్ ఘోష్ వెనక ఉండబట్టే ఆ ఎత్తు పారింది. జర్నైల్‌ని ముందుకి పంపినా వెనక ఖాళీ పడలేదు.

జనరేటర్‌ని అప్పుడప్పుడూ ఆన్ చేయాలి

జనరేటర్ కొని షెడ్డులో పెడితే సరిపోదు. నెలల తరబడి కదలకుండా ఉన్నది అర్ధరాత్రి ఒక్క దెబ్బకి స్టార్ట్ కాదు, అందుకే మధ్య మధ్యలో కాసేపు తిప్పి చూస్తారు. బెంచ్ మీద ఆటగాడి సంగతీ అంతే. మూడు నెలలు మ్యాచ్ ఆడనివాణ్ణి హఠాత్తుగా ఏప్రిల్‌లో దించితే, ప్రాక్టీస్‌లో ఎంత బాగున్నా మ్యాచ్ వేగం అందుకోలేడు. పక్కవాడు ఎటు పరుగెత్తుతాడో తెలియదు, మొదటి తప్పుకే టెన్షన్ వచ్చేస్తుంది. రొటేషన్ అంటే అలసినవాడికి విశ్రాంతి ఇవ్వడం అనే అందరూ అనుకుంటారు. దాని రెండో సగం ఇది, బయట ఉన్నవాణ్ణి వేడిగా ఉంచడం.

దీన్ని 2016-17లో కోచ్ జిదాన్ రియల్ మాడ్రిడ్‌లో చేసినంత ధైర్యంగా చేసినవాళ్లు తక్కువ. బయటి ఊళ్లలో చిన్న జట్లతో మ్యాచ్‌లకి దాదాపు జట్టు మొత్తాన్ని మార్చేవాడు. హమేస్, ఇస్కో, మొరాటా, అసెన్సియో, కొవాచిచ్, నాచోలతో ఆడిన ఆ జట్టుని స్పెయిన్‌లో 'బీ టీం' అనేవారు. మొరాటా ఒక్కడే లీగ్‌లో 15 గోల్స్ కొట్టాడు. రొనాల్డో 38 లీగ్ మ్యాచ్‌ల్లో 29 ఆడాడు, మిగతా వాటికి చాలావరకు ఇంట్లోనే ఉన్నాడు. ఫలితం ఏప్రిల్, మే నెలల్లో కనపడింది: చాంపియన్స్ లీగ్ క్వార్టర్స్ నుంచి ఫైనల్ దాకా రొనాల్డో 10 గోల్స్, బయర్న్ మీద ఐదు, అట్లెటికో మీద మూడు, ఫైనల్లో యువెంటస్ మీద రెండు. లీగ్ కూడా బార్సిలోనా కంటే మూడు పాయింట్లు ఎక్కువతో, 93తో, 2012 తర్వాత మొదటిసారి వాళ్లకే వచ్చింది. గాయపడిన బేల్ చోట ఇస్కో ఫైనల్ ఆడాడంటే, అప్పటికే అతను సీజన్ పొడుగునా ఆడుతూ ఉండటం వల్లే.

అందరినీ మార్చకూడదు

రొటేషన్‌కి హద్దు ఉంది. వింగర్లని, ఫుల్ బ్యాక్‌లని (పక్క డిఫెండర్లని), స్ట్రైకర్లని మార్చినంత తేలిగ్గా సెంటర్ బ్యాక్ జంటని, గోల్ కీపర్‌ని మార్చరు. ఒకరు ముందుకి అడుగేస్తే రెండోవాడు ఎంత వెనక ఉండాలి, ప్రత్యర్థిని ఆఫ్‌సైడ్‌లో పడేయడానికి డిఫెన్స్ లైన్ ఎప్పుడు ముందుకి జరగాలి, ఇవన్నీ మాటల్లో చెప్పుకునే తీరిక ఉండదు. ఒంగోలు వైపు బండలాగుడు పోటీలకి ఎడ్లను సిద్ధం చేసేవాళ్లు పందెం ముందు జతను విడదీయరు, అడుగు కలవదని.

ఆర్సెనల్ 2022-23లో ఆ జత విడిపోయి దెబ్బ తిన్నది. మార్చి 16న స్పోర్టింగ్‌తో యూరోపా లీగ్ మ్యాచ్‌లో సెంటర్ బ్యాక్ సలీబాకి నడుం గాయం, అదే మ్యాచ్‌లో కవర్‌గా ఉండాల్సిన తొమియాసు కూడా పోయాడు. రాబ్ హోల్డింగ్ వచ్చాడు. సలీబాకున్న వేగం లేనందువల్ల డిఫెన్స్ లైన్ కొంత వెనక్కి జరిగింది, మిడ్‌ఫీల్డ్‌తో దూరం పెరిగింది. ఏప్రిల్‌లో వరసగా మూడు డ్రాలు, ఆ తర్వాత సిటీ చేతిలో 4-1. 248 రోజులు టేబుల్ పైన ఉండి కూడా టైటిల్ పోగొట్టుకున్నారు. సిటీకి 89, ఆర్సెనల్‌కి 84.

కొందరు ఆటగాళ్లకి ప్రత్యామ్నాయమే ఉండదు. 2023-24లో సిటీ లీగ్‌లో మూడే మ్యాచ్‌లు ఓడింది, మూడింట్లోనూ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ రోడ్రి సస్పెన్షన్ మీద బయట ఉన్నాడు. టైటిల్ గెలిచారు కాబట్టి ఆ హెచ్చరిక పెద్దగా ఎవరికీ పట్టలేదు. 2024 సెప్టెంబర్ 22న ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో అతని మోకాలి లిగమెంట్ తెగింది. అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ 26 దాకా అన్ని టోర్నీల్లో కలిపి 13 మ్యాచ్‌లు ఆడి సిటీ గెలిచింది ఒక్కటే, ఓడింది తొమ్మిది. అప్పుడు డిఫెండర్లు కూడా చాలామంది గాయాలతో ఉన్నారు, కాబట్టి అంతా రోడ్రి లేకపోవడమే అనలేం. కానీ జనవరి, ఫిబ్రవరిల్లో నలుగురు కొత్తవాళ్లని, అందులో ఒకణ్ణి సరిగ్గా ఆ స్థానానికి, కొనాల్సి వచ్చిందంటే ముందు వేసవిలో చేయాల్సిన పని మిగిలిపోయిందనే అర్థం.

రొటేషన్ లేకుండా గెలిచినవాళ్ల మాటేమిటి

ఈ వాదనకి ఎదురుగా అందరూ చూపించే పేరు లెస్టర్. 2015-16లో 5000కి 1 పందెం ఉన్న జట్టు, దాదాపు ఒకే పదకొండు మందితో 81 పాయింట్లు తెచ్చుకుని గెలిచింది. నిజమే. కానీ లెస్టర్ ఆ సీజన్ మొత్తం మీద ఆడింది 43 మ్యాచ్‌లు. యూరప్ లేదు, రెండు కప్పుల్లోనూ త్వరగా బయటికొచ్చింది. వారానికి ఒక్క మ్యాచ్ ఆడే జట్టుకి, 63 ఆడే జట్టుకి ఒకే సూత్రం పెట్టి కొలవలేం.

2024-25 లివర్‌పూల్ ఇంకొంచెం చిక్కు ఉదాహరణ. సాలా 38 లీగ్ మ్యాచ్‌లూ ఆడాడు, వాన్ డైక్ కూడా దాదాపు అంతే. నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగానే టైటిల్ ఖాయమైంది. కోచ్ స్లాట్ లీగ్‌లో మార్చలేదు గానీ కప్పుల్లో భారీగా మార్చాడు. ప్లిమత్‌తో ఎఫ్‌ఏ కప్ మ్యాచ్‌కి పెద్దవాళ్లని ఇంట్లో వదిలి వెళ్లి, ఓడిపోయి వచ్చాడు. చాంపియన్స్ లీగ్‌లో కూడా మార్చిలోనే పారిస్ క్లబ్ పీఎస్‌జీ చేతిలో పెనాల్టీల్లో పోయారు. వెన్నెముక లాంటి ఆటగాళ్లకి పెద్ద గాయాలు రాకపోవడం ఒక అదృష్టం.

అదే ఏడాది ఆర్సెనల్‌కి ఆ అదృష్టం లేదు. సెప్టెంబర్‌లో ఒడెగార్డ్ చీలమండ, డిసెంబర్‌లో సాకా హ్యామ్‌స్ట్రింగ్, జనవరిలో జీసస్ మోకాలు, ఫిబ్రవరిలో మార్టినెల్లి, హావర్ట్జ్ హ్యామ్‌స్ట్రింగ్‌లు. చివరికి మిడ్‌ఫీల్డర్ మెరీనో స్ట్రైకర్‌గా ఆడాడు. లెస్టర్ మీద సబ్‌గా వచ్చి రెండు గోల్స్ కొట్టాడు కూడా. కానీ 14 డ్రాలతో 74 పాయింట్ల దగ్గర ఆగిపోయారు, చాంపియన్‌కి పది దూరంలో. అసలు స్ట్రైకర్‌ని కొనకుండా సీజన్ మొదలుపెట్టినందుకు కట్టిన ఖరీదే ఆ డ్రాల్లో కొన్ని. 2025 వేసవిలో గ్యోకెరెస్, ఎజే, మాడువేకే, సుబిమెండీ, నోర్గార్డ్, మోస్కేరా ఇలా దాదాపు ప్రతి లైన్‌లోనూ మనుషుల్ని కొనడం వెనక ఈ లెక్కే ఉంది.

నిబంధనలు ఎటు తోస్తున్నాయి

2022-23 నుంచి ప్రీమియర్ లీగ్‌లో మ్యాచ్‌కి ఐదుగురు సబ్‌లు, బెంచ్ మీద తొమ్మిది మంది. గోల్ కీపర్ కాక పది మందిలో సగం మందిని మ్యాచ్ మధ్యలోనే మార్చవచ్చన్న మాట. అరవయ్యో నిమిషంలో 3-0తో ముందుంటే సాకానో సాలానో బయటికి తీయడం కూడా రొటేషనే, లైనప్‌లో కనపడదు అంతే. మంచి బెంచ్ ఉన్న క్లబ్బులకి ఇది ఎక్కువ కలిసొచ్చింది, చిన్న క్లబ్బుల అభ్యంతరంలో న్యాయం ఉంది.

ఇంకో వైపు 21 ఏళ్లు దాటినవాళ్లలో 25 మందినే రిజిస్టర్ చేయాలి, వాళ్లలో స్థానికంగా తయారైనవాళ్లు కానివాళ్లు 17కి మించకూడదు. డబ్బున్నా ప్రతి స్థానానికి ముగ్గుర్ని పెట్టుకోలేరు. కుర్రాళ్లకి ఆ పరిమితి లేదు, అకాడమీ విలువ అక్కడే తెలుస్తుంది. 2024-25లో ఆర్సెనల్ లెఫ్ట్ బ్యాక్‌లో ఆడిన లూయిస్-స్కెల్లీ, సాకా లేనప్పుడు కుడివైపు ఆడిన న్వనేరి ఇద్దరూ ఆ క్లబ్ అకాడమీ పిల్లలే.

మ్యాచ్‌లు మాత్రం తగ్గేలా లేవు. 2025 జూన్, జూలైల్లో 32 జట్ల క్లబ్ ప్రపంచకప్ పెట్టారు. 2026 ప్రపంచకప్ 48 జట్లతో, 104 మ్యాచ్‌లతో జూన్ 11 నుంచి జూలై 19 దాకా. రెండు వేసవులూ ఆడిన పెద్ద క్లబ్ ఆటగాడికి వరసగా రెండేళ్లు సరైన సెలవు ఉండదు. ఆ ప్రభావం ఆగస్టులో కనపడకపోవచ్చు. డిసెంబర్‌లో పది రోజులకి మూడు మ్యాచ్‌లు వచ్చేటప్పటికి, మళ్లీ ఫిబ్రవరిలో యూరప్ నాకౌట్లు మొదలయ్యేటప్పటికి బయటపడుతుంది. లైనప్ వచ్చినప్పుడు మైదానంలోని పదకొండు పేర్లతో పాటు కింద చిన్న అక్షరాల్లో ఉండే తొమ్మిది పేర్లు కూడా చదవాలి. అందులో సెంటర్ బ్యాక్ ఎవరు, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ ఎవరు, వాళ్లు గత నెలలో ఎన్ని నిమిషాలు ఆడారు అని చూస్తే, ఆ జట్టు ఏప్రిల్‌లో ఎక్కడుంటుందో కొంతవరకు జనవరిలోనే అంచనా వేయవచ్చు.